ఇరవై డాలర్ల నోటు మీది మామ్మగారు

పోయిన అక్టోబరులో మేమిద్దరం సిడ్నీలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళి, ఆరు వారాలు ఉండి వచ్చాము. దేశం చూడాలన్న ఉబలాటం కంటే మనవరాలిని చూడాలన్న ఆశే ఈ వయసులో మమ్మల్ని విమానం ఎక్కించింది. ప్రభువు కృపవలన ప్రయాణం క్షేమంగా జరిగింది. అక్కడి పెద్ద వంతెన గురించి, తెల్లని గవ్వల్లాంటి కప్పులున్న ఆపెరా హౌస్ గురించి ఇదివరకే చాలామంది రాశారు. వెళ్ళివచ్చిన ప్రతివారి దగ్గరా ఫొటోలున్నాయి. కనుక వాటి జోలికి పోము. మేము రాయదలచింది ఒక నోటు గురించి.

అక్కడికి చేరిన మూడోరోజు కోడలు మమ్మల్ని కూరగాయల కొట్టుకు పంపుతూ చేతిలో ఇరవై డాలర్ల నోటు పెట్టింది. కాగితం కాదు, ప్లాస్టిక్కు. ఎర్ర రంగు. దాని మీద ఒక పెద్దావిడ బొమ్మ. గుండ్రని ముఖం, చిన్న కళ్ళజోడు, తలకు తెల్లని టోపీ, పక్కన తెరచాపల ఓడ. మా గుడిలో ఆదివారం అందరికంటే ముందు వచ్చి, స్త్రీల వైపు మొదటి చాప మీద కూర్చుని, ఆలస్యంగా వచ్చేవాళ్ళ వంక కళ్ళజోడు మీదుగా చూసే మామ్మగారు ఒకరుండేవారు. అచ్చం ఆవిడే! "ఎవరమ్మా ఈవిడ? వాళ్ళ రాణిగారా?" అని మనవరాలిని అడిగాము. దానికి తొమ్మిదేళ్ళు. బళ్ళో ఆ పాఠం అయిందట.

"రాణి కాదు తాతయ్యా, ఆవిడ గుర్రం దొంగ" అంది.

పిల్ల ఏదో తెలియక అంటోందనుకున్నాము. కోడలు వంటింట్లోంచి, "నిజమే అత్తయ్యగారూ, చిన్నప్పుడు ఖైదీగా ఓడలో వచ్చిందట" అంది. నోటు తిప్పి చూశాము. రెండోవైపున్నాయన పాదిరిగారు! రెవరెండ్ జాన్ ఫ్లిన్, ప్రెస్బిటేరియన్ సంఘ సేవకులు. ఆస్ట్రేలియా నడిమి భాగంలో డాక్టరన్న మాట వినాలంటే వందల మైళ్ళు పోవలసిన రోజుల్లో, ఆ ఎడారి మనుషుల కోసం 1912లో ఒక మిషను ప్రారంభించి, 1928లో క్లాన్‌కరీ అనే ఊరి నుండి డాక్టరును విమానంలో పంపే ఏర్పాటు చేశారు. ఆ సేవ నేటికీ నడుస్తోంది. ఆ దైవజనుని గురించి ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది. మేము మాత్రం ఆయన వీపు వెనకాల ఉన్న ఆవిడను పట్టుకుని వదలలేకపోయాము. 1994 నుండి ఈ ఇద్దరూ ఒకే నోటుకు అటూ ఇటూ ఉన్నారు.

ఆవిడ పేరు మేరీ రీబీ. పుట్టింటి పేరు హేడాక్. ఇంగ్లాండులో లాంకషైరు ప్రాంతంలోని బెరీ అనే ఊళ్ళో 1777లో పుట్టింది. తల్లిదండ్రులు చిన్నతనంలోనే పోతే మామ్మ పెంచి, ఆ రోజుల్లో ఆడపిల్లకు ఉండదగినంత కంటే మంచి చదువే చెప్పించింది. తరువాత ఒకరి ఇంట్లో పనికి పెట్టారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో గాని, పిల్ల మగపిల్లవాడి బట్టలు వేసుకుని, జేమ్స్ బరో అని పేరు మార్చుకుని పారిపోయింది. ఆ వేషంలో ఉండగానే గుర్రం దొంగతనం కింద పట్టుబడింది. అప్పటికి పదమూడు పద్నాలుగేళ్ళది. గుర్రం దొంగలను ఉరి తీసే చట్టం ఉన్న కాలం అది. స్టాఫర్డ్ కోర్టు ఆమెకు ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేసింది.

ద్వీపాంతరం అంటే మన పెద్దవాళ్ళకు అండమానే. రంప పితూరీలో పట్టుబడిన అల్లూరి సీతారామరాజు అనుచరులు కొందరిని అక్కడికే పంపారు. వారిలో గాం మల్లుదొర విడుదలై వచ్చి, 1952లో పార్లమెంటు సభ్యుడయ్యారు. ఇంగ్లాండువారు తమ సొంత మనుషులనే అలా పంపిన చోటు ఆస్ట్రేలియా. అంతకు ముందు అమెరికాకు పంపేవారు. ఆ దేశం యుద్ధం చేసి విడిపోయాక జైళ్ళు నిండిపోయి, పాత ఓడలను నదిలో నిలబెట్టి వాటిలో ఖైదీలను ఉంచారు. అవి కూడా నిండాక ఈ కొత్త చోటు చూసుకున్నారు. 1788 నుండి 1868 వరకు సుమారు 1,62,000 మందిని దించారు. అందులో ఆడవాళ్ళు సుమారు 25,000. రొట్టె, రవికె గుడ్డ, చెంచాల జత, ఇలాంటివి ఎత్తుకెళ్ళినవాళ్ళే ఎక్కువమంది.

మేరీని ఎక్కించిన ఓడ పేరు రాయల్ అడ్మిరల్. నాలుగు నెలలు దాటిన ప్రయాణం. 1792 అక్టోబరు 7న సిడ్నీ రేవులోకి వచ్చింది. మేరీకి అప్పుడు పదిహేనేళ్ళు. ఆ ఓడ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాము. అదే ఓడ 1800లో మళ్ళీ ఖైదీలతో వచ్చి, వాళ్ళను దింపాక, లండన్ మిషనరీ సొసైటీ సేవకులను 1801లో తాహితి దీవికి చేర్చింది. 1805లో విశాఖపట్నం వచ్చి, సువార్తలను తెలుగులోకి మార్చే పని మొదలుపెట్టిన క్రాన్, డెగ్రాంజ్ గార్లను మన దగ్గరకు పంపిన సొసైటీ అదే. ఒకే చెక్క మీద ఎవరెవరు నిద్రపోయారో!

అబ్బాయికి సెలవు దొరికిన శనివారం రైల్లో రేవుకు వెళ్ళాము. సర్క్యులర్ కీ అంటారు దాన్ని. మనకు గోదావరి రేవులో లాంచీలు ఆగినట్లు అక్కడ ఫెర్రీలు వచ్చి ఆగుతుంటాయి. ఆ గట్టునే రాయల్ అడ్మిరల్ జనం దిగి ఉంటారు. అప్పుడు అక్కడ మేడలు లేవు, ఊరు పుట్టి నాలుగేళ్ళు దాటిందంతే. రేవు వెనకాల అద్దాల కట్టడాల మధ్య ఇరుకు సందు ఒకటుంది. దానికి ఆవిడ పేరే, రీబీ ప్లేస్. ఆఫీసు జనం కాఫీ గ్లాసులు పట్టుకుని హడావిడిగా పోతున్నారు. ఎవరూ ఆ పేరు పలక వంక చూడటం లేదు. మేమే దాని కింద నిలబడి ఫొటో తీయించుకున్నాము.

నాలుగడుగుల్లో మక్వారీ ప్లేస్ అనే చిన్న పార్కు. పెద్ద పెద్ద చెట్లు. 1788లో మొదటి ఖైదీల ఓడలతో వచ్చిన సీరియస్ అనే యుద్ధనౌక లంగరును అక్కడ పెట్టారు. పక్కనే 1818లో నిలిపిన రాతి స్తంభం. ఆ దేశపు రోడ్ల దూరాలన్నీ అప్పట్లో దాని నుండే కొలిచేవారట. దాన్ని కట్టించిన శిల్పి ఫ్రాన్సిస్ గ్రీన్‌వే కూడా ఖైదీయే, దొంగ పత్రం సృష్టించి వచ్చినవాడు. ఆ ఊళ్ళోని సెయింట్ జేమ్స్ దేవాలయము కూడా ఆయన గీసిన నమూనాయే. తరువాతి కాలంలో ఆయన బొమ్మను పది డాలర్ల నోటు మీద వేశారు. ఫోర్జరీ చేసినవాడి బొమ్మ నోటు మీద వేయడం ఇంకే దేశంలోనైనా జరిగిందేమో మాకు అనుమానమే.

మధ్యాహ్నం రాష్ట్ర గ్రంథాలయానికి వెళ్ళాము. మేరీ రాసిన ఉత్తరం అక్కడ భద్రపరిచారు. ఓడ చేరిన మరునాడే, అంటే అక్టోబరు 8న, ఇంకా ఓడ మీద ఉండగానే తన పిన్నమ్మకు రాసింది. మేము చూసింది నకలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడినట్లున్నాయి, వర్ణక్రమ దోషాలు బోలెడు. కోడలు చదివి చెబుతుంటే విన్నాము. సారాంశం ఇది. చోటు చూడటానికి బాగానే ఉంది, మేము అనుకున్నంత చెడ్డగా ఉండదేమో. వారానికి నాలుగు లాగులు కుట్టాలట. వారానికి ఒక పౌను బియ్యం, నాలుగు పౌనుల పంది మాంసం, కూరగాయలు ఇస్తారట. నాకు యావజ్జీవం అంటున్నారు, ఏడేళ్ళే అని గవర్నరు చెప్పారు, తలుచుకుంటే దుఃఖంగా ఉంది. రెండు మూడేళ్ళలో బయటపడే దారి చూసుకుంటాను. ఈలోగా ఉన్నంతలో సంతోషంగా ఉంటాను.

పదిహేనేళ్ళ పిల్ల ఏడవకుండా ముందుగా తిండి లెక్క రాసింది చూశారా! ఇంటివాళ్ళు మొదట అడిగేది అదేనని తెలిసిన పిల్ల. బియ్యం అనగానే మాకు ఆశ్చర్యమేసింది. ఆ ఏడాది జూన్‌లోనే అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా నుండి బియ్యం, రవ్వ, పప్పు వేసుకుని ఆకలితో ఉన్న ఆ ఊరికి చేరింది. కాబట్టి ఆ పిల్ల పళ్ళెంలో పడింది మన బెంగాలు బియ్యమే కావచ్చు.

ఆ ఉత్తరం దగ్గర మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తుకొచ్చింది.

మా కోనసీమ ఊళ్ళ నుండి కువైట్, మస్కట్, దుబాయిలకు ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళ సంగతి పాఠకులకు కొత్త కాదు. అలా వెళ్ళిన ఒక పిల్ల మా సండేస్కూలులో చదివింది. పెద్దయ్యాక అక్కడే చిన్నపిల్లలకు కథలు చెప్పేది, పాటలు నేర్పేది. పెళ్ళయిన రెండేళ్ళకు, ఇంటి అప్పు తీర్చడానికని కువైట్ వెళ్ళింది. వెళ్ళిన వారానికి తల్లికి ఫోను చేసి, అన్నం దొరుకుతోందమ్మా, ఇల్లు బాగానే ఉంది, రెండేళ్ళు ఎంతలోకి అని చెప్పిందట. ఆ మాటలు తల్లి గుడిలో సాక్ష్యంగా చెప్పింది, మాకు బాగా గుర్తు. ఏడాదిన్నర తరువాత ఫోన్లు ఆగిపోయాయి. యజమానురాలి గొలుసు కనబడలేదని ఆమె మీద కేసు పెట్టారు. నాలుగు నెలలు జైల్లో ఉండి, ఔట్‌పాసు మీద ఇంటికి వచ్చింది. అడిగినవాళ్ళకు "లీవు మీద వచ్చాను" అని చెప్పింది. లీవు అయిపోయింది, ఏడాది తిరిగింది, ఆమె వెనక్కి వెళ్ళలేదు. ఏజెంటు నోటివెంట సంగతి ఊళ్ళోకి పాకింది.

అప్పుడు మా సంఘ కమిటీలో మాట వచ్చింది, పిల్లలను అలాంటి ఆమె చేతికి అప్పగించవచ్చునా అని. ఆ గొలుసు ఆమె తీసిందో లేదో మాలో ఎవరికీ తెలియదు. ఎవరూ ఆమెను పిలిచి అడగలేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమందామని ఒకరన్నారు, అందరూ సరేనన్నారు. ఆ కమిటీలో మేమూ ఉన్నాము. తీర్మానం పుస్తకంలో మా సంతకమూ ఉంది. ఇది జరిగి ఆరేళ్ళు. ఆమె గుడికి రావడం మానలేదు. చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోతుంది. పిల్లలు ఇప్పటికీ ఆమె నేర్పిన పాటలే పాడుతున్నారు.

గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఈ సంగతంతా అబ్బాయికి, కోడలికి చెప్పాము. వాళ్ళేమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

తరువాతి రోజుల్లో మేరీ కథ మిగతాది ఒక్కొక్కటిగా తెలుసుకున్నాము. ఊళ్ళో దిగాక మేజర్ గ్రోస్ అనే సైనికాధికారి ఇంట్లో పిల్లలను చూసే పనికి పెట్టారని చెబుతారు. 1794 సెప్టెంబరులో థామస్ రీబీ అనే యువకుణ్ణి పెళ్ళి చేసుకుంది. అతను ఐర్లాండువాడు, మనకు బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసినవాడు. హాక్స్‌బరీ నది ఒడ్డున భూమి ఇస్తే వ్యవసాయం చేశారు. ఆ నేల దరుగ్ అనే మూలవాసులది. వాళ్ళను తరిమే ఈ కొత్త పొలాలన్నీ వెలిశాయి, ఆ మాట దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. తరువాత నది మీద పడవల్లో ధాన్యం చేరవేసే వ్యాపారం, ఆ పైన బొగ్గు, దేవదారు కలప, ఆ పైన సొంత ఓడలు. చైనాతో, ఇండియాతో బేరాలు. మక్వారీ ప్లేస్ దగ్గర కట్టుకున్న ఇంటికి ఎంటాలీ అని పేరు పెట్టుకున్నారు. ఎంటాలీ కలకత్తాలో ఒక పేట!

1811 ఏప్రిల్‌లో థామస్ చనిపోయాడు. కొద్ది రోజులకే వ్యాపారంలో భాగస్తుడు కూడా పోయాడు. ముప్ఫయి నాలుగేళ్ళు నిండని మేరీ చేతిలో ఏడుగురు పిల్లలు, ఓడలు, గిడ్డంగులు, అప్పులు, రావలసిన బాకీలు. విధవరాలు ఆస్తి అమ్ముకుని ఎవరి పంచనో చేరుతుందని చూసినవాళ్ళుంటారు. ఆవిడ మరుసటి ఏడే జార్జ్ వీధిలో కొత్త గిడ్డంగి తెరిచింది. 1816 నాటికి తన ఆస్తి 20,000 పౌండ్లని లెక్క చెప్పుకుంది. 1817లో ఆ దేశపు మొదటి బ్యాంకును ఆవిడ ఇంట్లోనే తెరిచారు. ఇప్పుడు వెస్ట్‌పాక్ అనే పేరుతో వీధి వీధికీ ఉన్న బ్యాంకు అదే. అదే ఏడాది, బాకీ ఎగ్గొట్టిన ఒకాయనను కొట్టిన నేరం కోర్టులో రుజువైంది కూడా. మనవరాలికి ఆ ముక్క అన్నిటికంటే నచ్చింది. ఆవిడను పరిశుద్ధురాలిగా చూపించడం మా ఉద్దేశం కాదు, అయినా ఆ ఊళ్ళో దేవాలయానికి, బడులకు, బీదలకు ఆవిడ చేసిన సహాయానికి మంచి పేరు వచ్చింది. 1825లో ఒక ఉచిత పాఠశాలకు పాలకవర్గ సభ్యురాలిగా పెట్టారు. మనవడొకడు టాస్మేనియాలో ఆర్చిడీకన్ అయి, తరువాత ఆ రాష్ట్ర ప్రధాని కూడా అయ్యాడు.

1820లో మేరీ ఇద్దరు కూతుళ్ళను తీసుకుని ఇంగ్లాండు వెళ్ళింది. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఖైదీల ఓడ ఎక్కిన పిల్ల డబ్బుతో, పట్టుబట్టలతో లాంకషైరులో దిగింది. మరుసటి ఏడు సిడ్నీ తిరిగి వచ్చింది. అసలు సంగతి దీని తరువాతే. 1828లో జనాభా లెక్కలు తీశారు. ఆ దేశంలో ప్రతివారూ తాము ఎలా వచ్చారో రాయించాలి, ఖైదీగానా, స్వేచ్ఛగానా, ఏ సంవత్సరం, ఏ ఓడ. మేరీ రాయించింది ఇది: స్వేచ్ఛగా వచ్చాను, 1821లో.

అబద్ధం కాదు! 1821లో తన డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని స్వేచ్ఛగానే వచ్చింది. కాని ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద వ్యాపారస్తుల్లో ఒకతె, బ్యాంకు తన ఇంట్లో పుట్టిన మనిషి, యాభై ఏళ్ళ మామ్మగారు, శిక్ష తీరి ముప్ఫయి ఏళ్ళు కావస్తున్నా ఆ గళ్ళలో 1792 అని రాయించలేకపోయింది. "లీవు మీద వచ్చాను" అన్న మాట మా చెవుల్లో అప్పుడు మళ్ళీ వినబడింది. మేము ఆ మాటను ఇన్నాళ్ళూ ఆమె చేసిన రెండో తప్పుగా లెక్కవేశాము. కమిటీలో ఒకరు అన్నారు కూడా, జైలుకు వెళ్ళడం సరే, సంఘముతో అబద్ధమాడటం ఏమిటని.

రెండోవారం పరమట్టా వెళ్ళాము. సిడ్నీకి పడమరగా రైల్లో అరగంట పైన. పక్క స్టేషను హారిస్ పార్కులో దిగితే ఇడ్లీ, దోసె, చింతపండు, మునగకాడలు అన్నీ దొరుకుతాయి, మన భాష వినబడుతుంది. అక్కడ టిఫిన్ చేసి, నది వెంట నడిచి, ఆడ ఖైదీల కార్ఖానా చూశాము. ఆడవాళ్ళ ఫ్యాక్టరీ అనేవారు దాన్ని. గవర్నరు మక్వారీ కట్టించగా 1821లో తెరిచారు. అంటే మేరీ స్వేచ్ఛగా తిరిగివచ్చిన ఏడే. ఏ ఇంట్లోనూ పనికి కుదరనివాళ్ళు, యజమానులు వెనక్కి పంపినవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, మళ్ళీ తప్పు చేసినవాళ్ళు, అందరినీ అక్కడ ఉంచేవారు. ఉన్ని వడికించేవారు, బట్ట నేయించేవారు, ఊరివాళ్ళ బట్టలు ఉతికించేవారు. శిక్షగా జుట్టు కత్తిరించేవారు. పెళ్ళి కావలసిన మగవాళ్ళు అనుమతి చీటీతో వచ్చి ఆడవాళ్ళను వరుసలో నిలబెట్టి చూసుకునేవారు. 1827 అక్టోబరులో రొట్టె, పంచదార తగ్గించారని ఆ ఆడవాళ్ళు తలుపులు పగలగొట్టుకుని ఊళ్ళోకి వచ్చి రొట్టెల దుకాణాల మీద పడ్డారు. సైనికులు వచ్చి తిరిగి లోపలికి తోలారు.

ఇప్పుడక్కడ పసుపు రంగు ఇసుకరాతి గోడలు, పాత గడియారం, చెట్ల నీడ మాత్రమే ఉన్నాయి. 2017లో దాన్ని జాతీయ వారసత్వ స్థలంగా ప్రకటించారు. గోడ మీద రాళ్ళలో కట్టినవాళ్ళ ఉలి దెబ్బలు కనబడుతున్నాయి. ఆ దేశంలో చాలా కుటుంబాలు వంద సంవత్సరాలకు పైగా తమ మామ్మలు ఇలాంటి చోట ఉన్నారన్న సంగతి దాచిపెట్టారట. పాత కాగితాలు చింపినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కాలం మారి, మా వంశంలో ఒక ఖైదీ ఉన్నారని వెతుక్కుని మరీ చెప్పుకుంటున్నారు. నోట్ల మీద మేరీ ఒక్కతె ఉంది. తక్కినవాళ్ళకు ఈ గోడలే.

తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం తెలుగువారి ఆరాధనకు వెళ్ళి, సాయంత్రం రిచర్డ్ జాన్సన్ స్క్వేర్ అనే చిన్న కూడలి చూశాము. మొదటి ఖైదీల ఓడలతో వచ్చిన పాదిరిగారు ఆయన. 1788 ఫిబ్రవరి 3న చెట్టు కింద ఖైదీలకు, సైనికులకు మొదటి ప్రసంగం చేశారు. తీసుకున్న వాక్యము 116వ కీర్తన 12వ వచనము, దేవుడు చేసిన మేళ్ళకు తిరిగి ఏమి ఇవ్వగలననే మాట. కాళ్ళకు సంకెళ్ళ మచ్చలున్నవాళ్ళు ఆ మాట ఎలా విన్నారో! ప్రభుత్వం గుడి కట్టించకపోతే 1793లో తన సొంత డబ్బుతో తడికెలు అల్లి, మట్టి మెత్తి గుడి కట్టించారు. మన ఊళ్ళ తాటాకు గుళ్ళు గుర్తొచ్చాయి. అయిదేళ్ళకే దాన్ని ఎవరో తగలబెట్టారు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ప్రయాణం బడలిక. మూడోరోజు సాయంత్రం మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్ళాము. ఇరవై డాలర్ల నోటు ఒకటి మనవరాలు మాకు గుర్తుగా ఇచ్చింది, అది చేత పట్టుకున్నాము. ఆరేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. వాళ్ళమ్మ మంచాన ఉంది. ఆమె వరండాలో మిషను కుడుతోంది. చుట్టూ పెళ్ళివారి జాకెట్లు. మమ్మల్ని చూసి గబగబా లేచి కుర్చీలు దులిపి వేసింది. "ఎప్పుడొచ్చారు టీచరుగారూ? పాపాయి బాగుందా మాస్టారూ?" అని టీ పెట్టబోయింది. కూర్చోమన్నాము.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నోటు ఇచ్చాము. ఈ కథంతా చెప్పాము, మగవేషం, గుర్రం, ఓడ, ఉత్తరం, బ్యాంకు, జనాభా లెక్క. దాచకుండా అన్నీ చెప్పాము. తరువాత తీర్మానం సంగతి చెప్పాము. దాని మీద మా సంతకం ఉందని, మిమ్మల్ని అడగకుండా పెట్టిన సంతకమని, అది తీసివేయమని కమిటీకి ఉత్తరం రాసి వచ్చామని చెప్పాము. వాళ్ళు ఏమంటారో మాకు తెలియదు. వచ్చే నెల మొదటి ఆదివారం కూర్చుంటారు.

ఆమె తల వంచుకుని నోటును అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, "వారానికి నాలుగు లాగులేనా టీచరుగారూ? నేను రోజుకు ఎనిమిది జాకెట్లు కుడుతున్నాను" అని నవ్వింది. మేమూ నవ్వాము. కాసేపటికి తనే, "అక్కడ మాకూ అన్నమే పెట్టేవారు. పొడవు బియ్యం. తమిళావిడ ఒకామె నాకు తన ముద్ద కూడా పెట్టేది" అంది. అక్కడ అంటే ఎక్కడో చెప్పలేదు. మేము అడగలేదు. ఆ తమిళావిడ గురించి, కిటికీలోంచి కనబడే ఒక్క ఖర్జూరం చెట్టు గురించి, ఔట్‌పాసు వచ్చిన రోజు గురించి చీకటి పడేదాకా చెప్పింది. గొలుసు మాట కూడా చెప్పింది. అది ఆమె చెప్పుకోవలసిన సంగతి, ఇక్కడ రాయము.

మేము లేచేసరికి, "ఆ పిల్ల ఉత్తరం ఇంటికి చేరిందా మాస్టారూ?" అని అడిగింది.

చేరింది, దాచి ఉంచారు, మేము నకలు చూశామని చెప్పాము.

నోటు తిరిగి ఇవ్వబోయింది. ఉంచుకోమన్నాము. మిషను సొరుగు లాగి, దారపు కండెల పక్కన పెట్టింది.